ఆడవాళ్ళ కార్డు

"వైర్లు పెట్టడం, వైర్లు తియ్యడం. ఇదీ ఒక పనేనటే? దీనికి మళ్ళీ నడుము నొప్పొకటి!" అన్నాడు ఇషాక్, తిన్న ప్లేటు అక్కడే వదిలేసి లేస్తూ.

కరీమున్ ప్లేటు తీసింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, వెనక గదిలో కెమెరా కార్డు కాపీ అవుతోంది. ఈ రెండింటికీ ఆమె ఏనాడో పొత్తు కుదిర్చింది. కంప్యూటరు నల్ల పోర్టులో కార్డు రీడరు గుచ్చితే ఒక కార్డు దిగేలోపు కందిపప్పు మెత్తబడుతుంది. నీలం పోర్టులో పెడితే టీ పొంగేలోపే పని ముగుస్తుంది. కానీ ఆ పాత డబ్బాకి ఉన్న నీలం పోర్టు ఒక్కటే, అదీ వదులైపోయింది. కేబులు కాస్త కదిలిందంటే డిస్కు తెర మీద నుంచి మాయమైపోతుంది, సగం కాపీ అయిన పెళ్ళి సగంలోనే ఆగిపోతుంది. అందుకని ఆమె నల్లదానికే అలవాటు పడింది. నిదానంగా చేస్తుంది గానీ నమ్మకంగా చేస్తుంది. తనలాగే, అనుకునేది అప్పుడప్పుడు. అనుకుని, ఎవరైనా విన్నారేమోనన్నట్టు చుట్టూ చూసేది.

అద్దంకిలో 'స్టూడియో ఇషాక్' అంటే తెలియని వాళ్ళు లేరు. కరీమున్ అంటే ఎవరికీ తెలియదు, 'స్టూడియో ఇషాక్ భార్య' అంటే మాత్రం చుట్టుపక్కల ఊళ్ళలో ప్రతి ముస్లిం ఇంటి ఆడదానికీ తెలుసు. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు కూర్చునే గదిలోకి మగవాడు కెమెరా పట్టుకుని రాకూడదు. కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లోనే అత్తగారు లాల్‌బీ ఆ సంగతి కనిపెట్టింది. "నువ్వు ఆడదానివేగా, లోపలికి పోయి నొక్కి రా" అని కెమెరా తెచ్చి మెడలో వేసింది. "బరువేం కాదులే, నల్లపూసల పక్కన వేలాడుతుంది" అంది. అప్పట్నుంచీ వేలాడుతూనే ఉంది. రీళ్ళు పోయి క్యాసెట్లు వచ్చాయి, క్యాసెట్లు పోయి సీడీలు, సీడీలు పోయి కార్డులు. ప్రతిసారీ కొత్త మిషను పేరు, కొత్త వైరు ఆకారం నేర్చుకుంది. పొద్దున్నే వంట చేసి, పెళ్ళికి వెళ్ళి తీసి, తిరిగొచ్చి అంట్లు తోమి, కార్డులు దించి, ముక్కలు కోసి అతికి మిక్సింగు చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేది తనే. బోర్డు మీద పేరు మాత్రం ఇషాక్‌ది. జీతమా? "ఇంట్లో మనిషికి జీతమేంటే, పిచ్చిదానా!" అని నవ్వేవాడు.

కొడుకు ముబీన్ కంప్యూటరు కొత్తగా నేర్చుకున్న రోజుల్లో తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. "చూడమ్మీ, ఇది ర్యామ్. కరెంటు ఉన్నంతసేపే గుర్తుంటుంది దీనికి, కరెంటు పోతే అంతా మర్చిపోతుంది. ఇదేమో హార్డ్ డిస్కు. కరెంటు ఉన్నా పోయినా దాచింది దాచినట్టే ఉంచుతుంది." కరీమున్ వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు ఒక్కతే నవ్వుకుంది. ఈ ఇంట్లో ఎవరు ర్యామో ఎవరు హార్డ్ డిస్కో చెప్పడానికి కంప్యూటరే కావాలా? ఇడ్లీలో ఉప్పు తక్కువైన సంగతి తప్ప ఇంకేదీ సాయంత్రానికి గుర్తుండని మగవాళ్ళ మధ్య, ఎవరు ఎప్పుడు ఏ మాటన్నారో ముప్ఫై ఏళ్ళుగా తనొక్కతే దాచుకుని తిరుగుతోంది.

ఆడవాళ్ళ గదిలో తీసిన కార్డుకి వేరే మర్యాద ఉంది. మగవాళ్ళ వైపు తీసిన కార్డుతో కలిసిపోకుండా దాని మూల మీద ఎర్రని గోళ్ళరంగు చుక్క పెడుతుంది కరీమున్. గోళ్ళకి రంగు వేస్తే నమాజు ముందు కడుక్కునే వజూ నిలవదని లాల్‌బీ ఎప్పుడూ వేసుకోనివ్వలేదు, ఆ సీసా ఇంట్లో ఉన్నది కార్డుల కోసమే. చుక్క ఉన్న కార్డు ముందు గదిలో ఇంటర్నెట్ ఉన్న కంప్యూటరు మొహం చూడదు. నేరుగా వెనక గదికి వస్తుంది. అక్కణ్ణించి ఆడవాళ్ళ డిస్కులోకి దిగుతుంది. అరచేతి మందాన ఉండే ఆ నల్ల డిస్కు పాత ఓణీలో చుట్టి, బీరువాలో దుప్పట్ల మధ్య ఉంటుంది. ఇదంతా ఎవరూ పెట్టిన రూలు కాదు. పెళ్ళికూతురి తల్లులు ఆమె రెండు చేతులూ పట్టుకుని, "నీ చేతుల్లో పెడుతున్నాం అక్కా" అంటారు, అంతే. ఆ మాట మీద నడిచిపోతోంది ఇన్నేళ్ళూ.

ఇంకో పద్ధతి కూడా ఉంది, అది ఆమెకొక్కదానికే తెలుసు. గోరింటాకు పెట్టే సాయంత్రం ఆడవాళ్ళంతా ఒక చోట చేరి డోలకు వాయిస్తారు, పాటలు కడతారు, మగపెళ్ళి వాళ్ళని ఎగతాళి చేస్తారు. వియ్యంకుడి నడక, కాబోయే అత్తగారి గొంతు, ఆడబిడ్డ అద్దం చూసుకునే తీరు, ఒక్కటి వదలరు. పెళ్ళికూతురే తండ్రి కుర్తా తొడుక్కుని ఆడుతుంది ఒక్కోసారి. తర్వాతి రోజు ఆ పిల్లే వెక్కి వెక్కి ఏడుస్తూ కారెక్కుతుంది. కరీమున్ ఆ కారు సందు మలుపు తిరిగిందాకా కెమెరా ఆపదు. ఎన్ని అప్పగింతలు తీసిందో, అలవాటు కాలేదు. ఆ పూట అన్నం సయించదు. ఎవరి బిడ్డో, ఎవరి ఊరికో వెళ్తుంది, తనకెందుకు బెంగో తనకే తెలియదు. పెన్‌డ్రైవ్ ఆ పిల్లతో పాటు అత్తగారింటికి వెళ్తుంది గనక, వెక్కిరింతలన్నీ కోసేసి మిగిలింది మాత్రమే అందులో వేస్తుంది.

కోసిన ముక్కల్ని పారెయ్యదు. అవి డిస్కులో అలాగే ఉంటాయి. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక డిస్కు తగిలించుకుని ఒక్కతే కూర్చుని చూస్తుంది. తలల మీద ముసుగులు జారిపోయి, పొట్టలు పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వుతుంటారు వాళ్ళు. వాళ్ళలో కొందరు లేరిప్పుడు. ఒకమ్మాయి కువైట్‌లో ఎవరింట్లోనో పనిలో ఉంది. కొందరు బజార్లో కనపడి తల వంచుకుని పోతారు. అలా నవ్వగలిగేవాళ్ళని వాళ్ళకే గుర్తుందో లేదో. కరీమున్‌కి గుర్తుంది. ఆమెకున్న స్నేహితురాళ్ళు వాళ్ళే.

ఈమధ్య ఆమే తీసిన ఫిజా పెళ్ళి అయిన నెలకి గొడవ మొదలైంది. ఫిజా తల్లి షాజాదీ చెప్పులు కూడా విడవకుండా లోపలికి వచ్చి, చేతిలో ఫోను కరీమున్ మొహం ముందు పెట్టింది. ఎవరో నవ్వుల పేజీలో పెట్టిన వీడియో. అందులో ఫిజా తలకి తువ్వాలు చుట్టుకుని, కాబోయే అత్త నసీమున్నీసా పిల్లని చూడ్డానికి వచ్చిన వైనం ఆడి చూపిస్తోంది. ఒక పిల్లని నిలబెట్టి జడ పట్టుకు లాగింది, సవరమేమో చూడ్డానికి. పెదవి ఎత్తి పళ్ళు చూసింది. చుట్టూ తిరిగి వీపు మీద చరిచి, "గిత్త బాగానే ఉంది, ఒంగోలు జాతేనా?" అంది గొంతు బొంగురు చేసి. గదంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వులో కెమెరా ఊగింది, కెమెరా వెనక కరీమున్ నవ్వు కూడా వినపడింది.

"వాళ్ళ అత్తగారి ఊరు ప్రత్తిపాడంతా చూసిందటక్కా. పుట్టింటికి వచ్చిన పిల్లని తీసుకెళ్ళడానికి ఎవరూ రావడం లేదు. అల్లుడు ఫోను ఎత్తడు. 'పెన్‌డ్రైవ్ నీ చేతికే ఇచ్చారు, నువ్వే పెట్టావ్' అని ఒక్క మెసేజీ పెట్టాడంతే. శుక్రవారం నమాజు తర్వాత పెద్దమనుషులు కూర్చుంటారట, అటో ఇటో తేలుస్తారట" అంది షాజాదీ. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండును. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "నీ చేతుల్లోనే కదక్కా పెట్టాను" అంది.

ఇషాక్ సంగతి విని తల ఊపాడు. "నువ్వే పొరపాటున పెన్‌డ్రైవ్‌లో కలిపేసి ఉంటావ్. కళ్ళు సరిగా ఆనవు, చెప్తే వినవు. ఆ పిల్ల ఎవరికో పంపుంటుంది, అది తిరిగి తిరిగి అక్కడ తేలింది."

కరీమున్ ఆ మాట నమ్మేసింది. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఏది పగిలినా తనే పగలగొట్టి ఉంటుందని నమ్మడం అలవాటైపోయింది మరి. ఆ రోజంతా బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు ఆ పెళ్ళి మిక్సింగు చేసిన రోజుని ఏరుతూనే ఉంది. అప్పుడు పాలు పొంగాయా? ఎవరైనా తలుపు కొట్టారా? లేచి వెళ్ళి వచ్చాక ఏ ముక్క ఎక్కడ వదిలిందో మర్చిపోయిందా? కూర మాడింది. ఇషాక్ మాడిన కూరని పక్కకి నెట్టి, "చూశావా, ఇలాగే ఉంటుంది నీ ధ్యాస" అన్నాడు. ఒక పిల్ల కాపురం తన వేలి కింద నలిగిపోయిందా? ఆ మాట మనసులో అనుకోవడానికే భయమేసింది.

మర్నాడు పొద్దున్నే వెనక గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరకి వేసుకుంది. పెన్‌డ్రైవ్‌లో వేసిన వీడియో అసలు ప్రతి ఆ కంప్యూటరులో ఇంకా ఉంది. మొదట్నుంచీ చివరిదాకా, ఒక్క క్షణం కూడా దాటెయ్యకుండా చూసింది. గోరింటాకు ఉంది, డోలకు ఉంది, ముసలమ్మల దీవెనలు ఉన్నాయి. గిత్త లేదు. జడ లాగడం లేదు. కోసింది కోసినట్టే ఉంది. కరీమున్ కుర్చీలో వెనక్కి వాలి, "యా అల్లా" అనుకుని ఊపిరి వదిలింది.

వదిలిన ఊపిరి మళ్ళీ లోపలికి పోలేదు. పెన్‌డ్రైవ్‌లో లేని ముక్క ఎక్కడుంది? కార్డులో లేదు, దించిన వెంటనే కార్డు చెరిపేస్తుంది. ఇంక ఉన్నది ఒక్క చోటే. బీరువా తెరిచి, దుప్పట్ల మధ్య నుంచి ఓణీ మూట తీసి, డిస్కు తగిలించింది. అన్ని పెళ్ళిళ్ళూ ఉన్నాయి. ఒక్కటీ పోలేదు. కట్ చేసి తీసుకెళ్ళి ఉంటే ఇక్కడ ఖాళీ కనపడేది. కాపీ చేస్తే ఇక్కడిది ఇక్కడే ఉంటుంది, అక్కడికీ వెళ్తుంది. దొంగ పడ్డ ఇంట్లో కనీసం బీరువా తలుపైనా విరిగి ఉంటుంది. ఇక్కడ ఓణీ ముడి కూడా చెదరలేదు.

మధ్యాహ్నం ఇషాక్ అన్నానికి వచ్చాడు. ఆమె వడ్డిస్తూ అడిగింది.

"ఆడవాళ్ళ డిస్కు ఎవరైనా తీశారా?"

"అదా? ఫిజా పెళ్ళయ్యాక కాపీ చేయించా. నువ్వు మీ చెల్లెలింటికి వెళ్ళావు చూడు, అప్పుడు. ఒంగోల్లో మిక్సింగు చేసేవాడికి ఇచ్చా. ఇకనుంచి ఆడవాళ్ళవి కూడా వాడే చేస్తాడు. నడుము నొప్పి, నడుము నొప్పి అని నువ్వేగా అంటావ్." పెరుగు కలుపుకుంటూ మామూలుగా చెప్పాడు. ఆ గొంతులో కాస్త ప్రేమ కూడా ఉంది. అదే ఆమెకి ఎక్కువ బాధ కలిగించింది.

"నన్నడగలేదే?"

"అడిగేదేముందే? నీది నీ దగ్గరే ఉందిగా! పక్కింటి వాళ్ళకి తోడు పెట్టుకోవడానికి గరిటెడు పెరుగిస్తే మన గిన్నెలో పెరుగు తరిగిపోతుందా?"

"అందులోంచే పోయింది. ఫిజా ముక్క పెన్‌డ్రైవ్‌లో లేదు, మొత్తం చూశాను. డిస్కులోనే ఉంది."

ఇషాక్ చెయ్యి కంచంలో ఆగింది. ఆ ఆగడం కరీమున్ చూసింది. కాసేపటికి అతను మళ్ళీ ముద్ద కలిపాడు. "కుర్రాడు. సరదాకి పెట్టుంటాడు. నేను మాట్లాడి చెరిపిస్తాలే. కానీ ఈ సంగతి బయటికి రాకూడదు. వచ్చిందా, మన గుమ్మం ఎవడూ తొక్కడు, షట్టరు దించుకోవాల్సిందే. శుక్రవారం నేను చెప్తా, పెన్‌డ్రైవ్ పిల్లకిచ్చాం, తర్వాత సంగతి మాకు తెలియదని. నిన్నెవరూ అడగరు. అడిగితే నువ్వూ అదే మాట చెప్పు."

"ఆ పిల్ల గతేంటండీ?"

"ఏముంది, నాలుగు రోజులు అలుగుతారు, తర్వాత వాళ్ళే తీసుకెళ్తారు. తీసుకెళ్ళకపోతే వాళ్ళమ్మ దగ్గరుంటుంది. పెళ్ళాం ఎక్కడికి పోతుందే?"

ఎక్కడికి పోతుంది! కరీమున్ అంట్లు తోముతూ ఆ మాటనే తోమింది. కారు మలుపు తిరిగేదాకా తను తీసిన పిల్లలందరూ గుర్తొచ్చారు. వాళ్ళు ఎక్కడికి పోయారో ఇషాక్ ఒక్కసారైనా అనుకున్నాడా? ఆ డిస్కులో నవ్వుతున్న వాళ్ళందరూ ఇప్పుడు ఒంగోల్లో మొహం తెలియని ఎవరి కంప్యూటరులోనో ఉన్నారు. కువైట్‌లో ఉన్న పిల్ల ఉంది. చచ్చిపోయిన వాళ్ళున్నారు. అక్కడ చెరిపితే మాత్రం, వాడు ఇంకెవరికి ఇచ్చాడో, వాళ్ళు ఇంకెవరికి ఇచ్చారో! పెరుగు తోడుకున్నట్టే, గిన్నె గిన్నెకీ తోడుకుంటూ పోతుంది. దాచుకుని తప్పు చేశానా అనుకుంది. కాదు, అనుకుంది మళ్ళీ. అలా మళ్ళీ అనుకోవడం ఆమెకే కొత్తగా ఉంది. దాచుకున్నందుకు పోలేదు. బీరువా తెరిచినందుకు పోయింది.

గురువారం పొద్దున వంట చేసి, గిన్నెల మీద మూతలు పెట్టి, బుర్ఖా వేసుకుని బయటికి నడిచింది. మగవాళ్ళ మధ్య మగవాళ్ళు తేల్చేదాకా ఆగితే ఇషాక్ చెప్పిన మాటే నిజమైపోతుంది. చిలకలూరిపేటలో బస్సు మారింది. దారి పొడుగునా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. కిటికీ దగ్గర కూర్చున్నా ఆమెకి ఏదీ ఆనలేదు. వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలని ప్రతి స్టేజీ దగ్గరా అనిపించింది. బస్సు ఆగినప్పుడల్లా ముందు సీటు రాడ్డు గట్టిగా పట్టుకుంది.

ప్రత్తిపాడులో నసీమున్నీసా ఇంటి వాకిలి నిండా మిరపకాయలే. ఆడవాళ్ళు నలుగురైదుగురు ముక్కులకి గుడ్డలు కట్టుకుని తొడిమలు తీస్తున్నారు. మధ్యలో చిన్న పీట మీద నసీమున్నీసా కూర్చుని ఉంది. కరీమున్‌ని చూసి లేవలేదు, కూర్చోమనలేదు.

"వచ్చావా కెమెరామ్మా! ఏం, ఇంకా తియ్యాల్సింది మిగిలిందా? ఇదుగో తుమ్ముతున్నా, తియ్యి. రేపు పొద్దున అది కూడా ఊళ్ళో వాళ్ళకి చూపిద్దువు గానీ!"

కరీమున్ బుర్ఖా తీసి పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. కొంగు ముక్కుకి కట్టుకుని, ముందున్న కుప్పలోంచి కాయలు తీసుకుని తొడిమలు తియ్యడం మొదలుపెట్టింది. చేతులకి పని ఉంటే తప్ప ఆమె నోరు పెగలదు.

"ఫిజా పెట్టలేదక్కా."

"మరి? గాలికి కొట్టుకొచ్చిందా? కూరగాయలవాడు కూడా నన్ను చూసి నవ్వు ఆపుకుంటున్నాడు. కూడబలుక్కున్నట్టు పిల్లలంతా 'గిత్త బాగుంది' అంటున్నారు నా వెనక!"

"ఆ పిల్లకిచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఆ ముక్క లేదు. మీ ఇంట్లోనే ఉంది కదా, పెట్టి చూసుకోండి. దాన్ని నేనే కోసేశాను."

"ఎందుకు కోశావ్?"

"మీరు చూస్తారని."

తొడిమలు తీసేవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. నసీమున్నీసా అటు తిరిగి చూసింది. అందరి తలలూ మిరపకాయల్లోకి వంగాయి. "అంటే నాకొక్కదానికి దాచి, లోకానికంతా చూపించారన్నమాట" అంది.

"మీ గోరింటాకు రోజున మీరు చెయ్యలేదా అక్కా, మీ అత్తగారిని?"

ఓ మూలన కూర్చున్న ముసలావిడ ముక్కు మీద గుడ్డ తీసి, "చెయ్యకేం! ఆ ముసలిది ముక్కుపొడి పీల్చి తుమ్మే తుమ్ము అచ్చం దింపింది. నాకు నవ్వలేక పక్కటెముకలు పట్టేశాయి" అంది.

"నువ్వు నోరు మూసుకుని తొడిమలు తియ్యి పిన్నీ!" అని కసిరింది నసీమున్నీసా. తర్వాత చేతిలో కాయని చూస్తూ నెమ్మదిగా అంది. "అప్పుడు కెమెరా లేదు. ఉండుంటే మా అత్త నన్ను ఈ గడప తొక్కనిచ్చేదా!"

కాయల గలగల ఒక్కటే వినపడింది.

"ఎవరు బయట పెట్టారు?" అంది నసీమున్నీసా.

"మా ఇంట్లోంచి పోయింది."

"రేపు అందరి ముందూ చెప్తావా ఆ మాట?"

"చెప్తాను."

"చెప్తే నిన్ను మళ్ళీ ఇంట్లోకి రానిస్తాడా మీ ఆయన?"

కరీమున్ తొడిమ తీసింది. ఇంకోటి తీసింది. "తెలియదక్కా" అంది. అది నిజం. ఇన్నేళ్ళ కాపురంలో జవాబు తెలియకుండా మిగిలిన ప్రశ్న అదొక్కటే కాబోలు.

నసీమున్నీసా పీట ముందుకి జరుపుకుంది. "చూడమ్మా కరీమున్. 'మా ఇంట్లోంచి' అన్నావంటే అందరూ నిన్నే అనుకుంటారు. తీసింది నువ్వు, దాచింది నువ్వు. మీ ఆయన కూడా అవునంటాడు, ఆడదాని మతిమరుపు అంటాడు, అక్కడితో సరి. నా కోడలి మీద పడ్డది తీసి నీ మీద వేస్తారు, అంతేగా! ఎవరు తీసుకెళ్ళి ఎవరికిచ్చారో మనిషి పేరు చెప్పాలి. చెప్పగలవా?"

కరీమున్ చేతులు ఆగిపోయాయి. పెళ్ళయిన నాటి నుంచీ ఆ పేరు ఆమె నోటితో పలకలేదు. ముబీన్ పుట్టినప్పుడు ఆసుపత్రిలో నర్సు భర్త పేరు అడిగితే తల వంచుకుంది, లాల్‌బీ చెప్పింది. ఓటరు కార్డుకి ముబీన్ చెప్పాడు. ఎవరూ పక్కన లేనప్పుడు గోడ మీది బోర్డు వైపు వేలు చూపించింది. భర్త పేరు పలికితే ఆయనకి ఆయుక్షీణమని చిన్నప్పుడు ఎవరో అన్నారు. ఎవరన్నారో గుర్తులేదు గానీ భయం మాత్రం మిగిలింది. ఇప్పుడు నాలుక పై దవడకి అంటుకుపోయింది. మిరప ఘాటుకి కళ్ళు మండాయి, ఘాటుకేనో కాదో. ఫిజా తల్లి గుమ్మంలో నిలబడి అన్న మాట చెవిలో పడింది. చుట్టూ ఆడవాళ్ళు పని ఆపి తన వైపే చూస్తున్నారు.

"షేక్ ఇషాక్" అంది.

ఆకాశం విరిగి మీద పడలేదు. ముసలావిడ తుమ్మింది.

"నాకే సరిగ్గా వినపడలేదు" అంది నసీమున్నీసా. "రేపక్కడ మగాళ్ళు చాలామంది ఉంటారు. గట్టిగా అను."

కరీమున్ ముక్కుకి కట్టుకున్న కొంగు కిందికి లాగేసి, గట్టిగా అంది.